కుంకుమ పెట్టి పిలిచిన కచేరీ

నా ఉద్యోగంలో ముందు శీర్షిక పుట్టి, తర్వాత దానికి తగిన వార్తను వెతుక్కుంటూ వెళ్లిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఈ వృత్తిలో అదేమీ పెద్ద వింత కాదు. అలాంటి శీర్షికలు చాలావరకు అచ్చయ్యాయి కూడా. ఒకటి మాత్రం కాలేదు. మొన్న జర్నలిజం చదువుతున్న పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మీకు బాగా నచ్చిన వార్త ఏదని అడిగితే, నాకు ఆ అచ్చు కాని శీర్షికే గుర్తుకొచ్చింది. టీ తాగినంత సేపట్లో వాళ్లకు చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను అనంతపురంలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో చేరి, అక్కడే పదవీ విరమణ చేశాను. డెస్కులో కూర్చునేవాళ్లు ఊళ్లు తిరగరు. ఊళ్లే వాళ్ల దగ్గరికి వస్తాయి. నేను చేరిన కొత్తలో మండలాల విలేకరులు వార్తలు రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవారు. మా అటెండరు బస్టాండుకు వెళ్లి వాటిని తెచ్చేవాడు. కవరు మీద ఒక్కోసారి వక్కాకు మరక ఉండేది. ఒకసారి కదిరి వైపు నుంచి వచ్చిన కవర్లో వార్తలతో పాటు గుప్పెడు వేయించిన వేరుశనగలు కూడా ఉన్నాయి. పంపింది విలేకరా, కండక్టరా అన్నది ఈనాటికీ తెలియదు. ఆ కండక్టరుకు మేము జీతం ఇచ్చేవాళ్లం కాదు. తన దారిలోని ఊళ్ల వార్తలు పేపర్లో రావాలని ఆయన ఆ పని చేసేవాడు. తర్వాత ఫ్యాక్సు వచ్చింది, ఫోన్లు వచ్చాయి. ఆయన అవసరం తీరిపోయింది. కథలోకి వెళ్లే ముందు ఆ కండక్టరును కాస్త గుర్తుంచుకోండి.

నా సర్వీసు చివరి ఏళ్లలో మా ఆఫీసు ప్రహరీ మీద ఒక పోస్టరు వెలిసింది. అంటిస్తున్న డిగ్రీ కుర్రాడిని మా ఎడిషన్ ఇన్‌ఛార్జి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. తిట్టడానికి తెచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కుర్రాడు చెప్పిందేమిటంటే, అది బెంగళూరులో ఉన్న ఒక బ్యాండు పోస్టరు. అందులో ఉన్నవాళ్లంతా మన జిల్లా పిల్లలే. గిటారుతో పాటు ఉరుములు కూడా వాయిస్తారు. జాతరల్లో దేవర ముందు వాయించే ఆ వాద్యాన్ని కర్రతో రాస్తే మబ్బు ఉరిమినట్టే ఉంటుంది. పాటలన్నీ మన యాసలోనే ఉంటాయి. వాళ్ల అభిమానులను మండలాల వారీగా ఒక గుంపుగా చేర్చారు. ఆ గుంపును దండు అంటారు. పాట విడుదలైతే తెల్లారేసరికి దండు మొత్తం దాన్ని పది మందికి పంపాలి, ఫోన్లో స్టేటస్ పెట్టాలి, కింద వ్యాఖ్య రాయాలి, గోడలకు పోస్టర్లు అంటించాలి, కచేరీ ఉంటే జనాన్ని తోలుకురావాలి.

నీకేమిస్తారు అని అడిగారు మా ఇన్‌ఛార్జి. బాగా పనిచేసిన వాళ్లకు గాయకుడు పేరు పెట్టి పిలిచి ఫోన్లో నాలుగు మాటలు రికార్డు చేసి పంపుతాడన్నాడు కుర్రాడు. తన దగ్గర అలాంటిది ఒకటి ఉందని వినిపించాడు కూడా. మైదా జిగురు పోస్టరుకే కాక చొక్కాకూ అంటింది. రేపు పరీక్ష ఉందట. అయినా ముఖం వెలిగిపోతోంది.

కుర్రాడు వెళ్లిన తర్వాత మా ఇన్‌ఛార్జి ఒక చీటీ మీద ఏదో రాసి నా బల్ల మీదికి తోశారు. "పాటకు వెట్టి". చక్కని శీర్షిక. చదవగానే సగం వార్త చదివినట్టు ఉంటుంది. మిగతా సగం తెచ్చే పని నాకు అప్పగించారు. డెస్కు మనిషిని బయటికి పంపడానికి కారణం ఒకటే: మా ఆఫీసులో ఆ బ్యాండు పాటలు విన్నది నేనొక్కదాన్నే.

బ్యాండు మేనేజరుకు ఫోన్ చేశాను. హైదరాబాదులో పెరిగిన కుర్రాడు, మంచి మర్యాదస్తుడు. దండు గురించి రాస్తామంటే సంబరపడ్డాడు. మీరు గోరంట్ల వెళ్లండి మేడం అన్నాడు. అనంతపురం కంటే, హిందూపురం కంటే గోరంట్లలోనే వాళ్ల పాటలు ఎక్కువగా మోగుతున్నాయట. ఎందుకో తనకూ తెలియదట. అందుకే జిల్లాలో మొదటి కచేరీ అక్కడే పెట్టారు. టికెట్లు లేవు. జనం నిండిన హాల్లో ఒక వీడియో తీయాలన్నది వాళ్ల ఆలోచన. ఊర్లో పెద్ద హాలు కల్యాణ మండపమే కాబట్టి దాన్ని మాట్లాడుకున్నారు.

గోరంట్ల విలేకరికి ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు. ఆయన గురించి రెండు మాటలు చెప్పాలి. నాకంటే కొంచెం చిన్నవాడు. మా పత్రికకు వార్తలు రాయడం ఆయన చేసే పనుల్లో ఒకటి మాత్రమే. పండగలకు ప్రకటనలు తేవాలి. కొత్త సంవత్సరానికి చందాదారులను చేర్చాలి. పేపరు ఆలస్యమైతే ఊరి తిట్లు తినాలి. వీటిలో దేనికీ జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి ఏదో కాస్త ముట్టేది. ఆ కొలతను తగ్గించేది మా డెస్కు కత్తెర. ఆయన అన్నాడు: "దండా? ఈడ దండూ లేదు గిండూ లేదు మేడం. ఒక టైలరమ్మ ఉండాది, అంతే."

వెళ్లి చూస్తే నిజంగా అంతే. బస్టాండు వెనక సందులో ముందుగది, కుట్టుమిషను, దాని పక్కన కిటికీలో ఫోను. ముప్పై దాటిన మనిషి. భర్త ఆటో నడుపుతాడు. అత్త గడపలో కూర్చుని రైకలకు హుక్సులు కుడుతోంది. ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ల రైకలన్నీ అక్కడే కుడతారు. కొలత ఇవ్వడానికి ఎవరొచ్చినా, టేపు మెడలో వేసుకుని, "అక్కా, ఒకసారి ఫోనియ్యి" అంటుందామె. ఆ బ్యాండు పాట స్టేటస్‌గా పెట్టి, కొత్త పాట వస్తే గంట మోగే ఏర్పాటు చేసి ఇచ్చేస్తుంది. అప్పుడు చేతులెత్తి కొలతకు నిలబడ్డ మనిషి వద్దనడానికి లేదు. మేనేజరుకు అంతుచిక్కని గోరంట్ల అభిమానం అలా పుట్టింది.

ఆ రోజు నేనక్కడ ఉండగానే ఒకామె రైక పట్టుకుని తగాదాకు వచ్చింది. చంక దగ్గర బిగిసిపోయిందట. తమ్ముని పెళ్లిలో చెయ్యెత్తి అక్షింతలు వేయలేకపోయిందట. టైలరమ్మ గుడ్డ తక్కువ ఇచ్చావంది. ఆమె గుడ్డ కాదు, నీ చెవుల్లో పాట ఎక్కువైందంది. ఇద్దరూ రాజీ పడకుండానే ఆమె వెళ్లిపోయింది. గడపలోంచి అత్త అంది, "సూసినావా పేపరమ్మా. ఆ పాటగాళ్లు మాకు బస్తాలు బస్తాలు బియ్యం పోస్తాండారని ఊరంతా అనుకుంటాంది. ఒక గింజ రాలే."

మరెందుకమ్మా ఇదంతా అని కోడలిని అడిగాను. నా సంచిలో ఉన్న శీర్షికకు సరిపోయే జవాబు వస్తుందని పెన్ను తెరిచి పెట్టుకున్నాను. ఆమె కాసేపు మిషను తొక్కి, దారం తెంపి, అప్పుడు మాట్లాడింది. ఆ బ్యాండు పాటల్లో ఒకటి వజ్రకరూరు గురించి. తొలకరి పడ్డాక అక్కడి పొలాల్లో వజ్రాలు దొరుకుతాయని జనం వెళ్లి వెతకడం మా వైపు అందరికీ తెలిసిందే. పాటలో ఒక ఆడమనిషి పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా నేల మీదే చూపు పెట్టి నడుస్తూ ఉంటుంది. ఏమీ దొరకదు.

"ఆ యమ్మ పాటంతా వంచిన తల ఎత్తదక్కా," అంది టైలరమ్మ. "నేనూ మిషను మీద అంతే గదా. నన్ను సూసి ఎవురో పాట కట్టినట్ల ఉండాది. అదీ మన మాటల్లో. నలుగురూ ఇంటే బాగుంటాదని ఇనిపిస్తాండా. దానికి దుడ్లేంటికి?"

కచేరీకి జనాన్ని ఎలా పిలుస్తున్నావని అడిగితే లేచి కుంకుమ భరిణె చూపించింది. అవి కార్తీక మాసపు పెళ్లిళ్ల రోజులు. కుట్టిన రైకలు ఇవ్వడానికి ఇంటింటికీ వెళుతోంది. వెళ్లిన చోటల్లా ఇంటావిడకు బొట్టు పెట్టి, ఆదివారం మండపానికి ఇంటిల్లిపాదీ రావాలని చెబుతోంది. ఆమె ఎవరికో బొట్టు పెడుతున్న ఫొటోను మేనేజరు దండు గుంపులో పెట్టి, అందరూ ఇలా పిలవండి అని రాశాడు. దాని కింద ఎన్నో చప్పట్ల బొమ్మలు. నాకూ ఆ ఫొటో బాగా నచ్చింది. వార్తకు పనికొస్తుందనుకున్నాను. నా వెంట వచ్చిన విలేకరి మాత్రం తల గోక్కుని, "కుంకుమ పెట్టి, మండపానికి పిలుస్తాండాదా..." అని ఏదో అనబోయాడు. ఇంతలో ఆయనకు ఫోన్ వచ్చింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. పట్నంలో ఉండీ ఉండీ నాకు అందని సంగతేదో ఆయనకు అందింది. ఆ ఫోన్ రాకపోయి ఉంటే ఈ జ్ఞాపకమే లేదు.

ఆదివారం మధ్యాహ్నం దాటాక మండపం దగ్గర దిగాను. దిగీ దిగగానే ఆటోలు, ట్రాక్టర్లు వరసగా వచ్చి ఆగడం చూశాను. ఆడవాళ్లంతా ధర్మవరం పట్టుచీరల్లో, కొత్త రైకల్లో ఉన్నారు. మగవాళ్లు ఇస్త్రీ పంచెల్లో ఉన్నారు. చేతుల్లో రంగు కాగితం చుట్టిన స్టీలు పళ్లేలు, చెంబులు. ఒక పెద్దాయన నా పక్కన నిలబడి, "పెండ్లికూతురు మీకేమవుతాదమ్మా?" అని అడిగాడు. నేను పెళ్లివాళ్ల మనిషిని కాదు, పేపరు మనిషినని చెప్పాను. ఆయన గౌరవంగా తల ఆడించి, పక్కాయనతో, పేపరోళ్లు కూడా వచ్చిండారంటే పెద్ద సంబంధమే అన్నాడు.

అప్పటికి నాకు విషయం అర్థమైంది. మీలో పల్లెల నుంచి వచ్చిన వాళ్లకు ఎప్పుడో అర్థమై ఉంటుంది. మా వైపు గోడ మీద పోస్టరు చూసి వచ్చినవాడు ప్రేక్షకుడు. బొట్టు పెట్టించుకుని వచ్చినవాడు చుట్టం. చుట్టానికి అన్నం పెట్టాలి. అందులోనూ కల్యాణ మండపానికి పిలిస్తే పొద్దున్నే ఇంట్లో కాస్త తక్కువే తిని వస్తారు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు, చెప్పాల్సిన అవసరం రాదు. టైలరమ్మ తనకు తెలిసిన పద్ధతిలో పిలిచింది. ఇంత పెద్ద హాలు మాట్లాడిన బ్యాండువాళ్లు భోజనాలు చూసుకోకుండా ఉంటారా అనుకుంది. మేనేజరు ఆ బొట్టులో ఫొటోను మాత్రమే చూశాడు.

ఆమె గుమ్మం దగ్గర ఎవరింటి నుంచో తెచ్చిన పన్నీరు బుడ్డితో వచ్చేవాళ్ల మీద చల్లుతూ నిలబడి ఉంది. ఆ రోజు ఆ మొహం చూసి తీరాల్సిందే. లోపలికి వెళ్లిన ఆడవాళ్లు అలవాటు కొద్దీ మొదట వెనకవైపు భోజనశాలకు వెళ్లి, ఏ పంక్తి నడుస్తోందో చూడబోయి, తలుపుకు తాళం చూసి, తిరిగి వస్తున్నారు. గుసగుసలు మొదలయ్యాయి. అత్త వంటగది వైపు నుంచి వచ్చి కోడలి చెవిలో చెప్పింది, పొయ్యి అంటించలేదని.

టైలరమ్మ వేదిక దగ్గర వైర్లు సర్దుతున్న మేనేజరు దగ్గరికి వెళ్లి, భోజనాలు ఎప్పుడప్పా అని అడిగింది. అతను ఫోను చూస్తూనే నవ్వి, "మాకు హిందూపురం నుంచి ప్యాకెట్లు వస్తాయక్కా. మీకూ ఒకటి చెప్పనా?" అన్నాడు.

ఆ తర్వాత ఐదారు నిమిషాలు వాళ్లిద్దరి మధ్య జరిగింది నేను దగ్గర నుంచి విన్నాను. ఆమె పరిస్థితి చెప్పింది. పాపం, అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. కచేరీకి వచ్చినవాళ్లకు ఎవరైనా భోజనం పెడతారా అన్నాడు. పోనీ బిస్కెట్ ప్యాకెట్లు పంచుదామన్నాడు. వెలుతురు పోతోంది, వీడియో ఇప్పుడే మొదలుపెట్టాలన్నాడు. రెండు పాటలు వింటే అన్నం సంగతి వాళ్లే మర్చిపోతారన్నాడు. ఆమె అతని వైపు, కొలత తప్పి కత్తిరించేసిన గుడ్డను చూసినట్టు చూసింది. అత్త మాత్రం మేనేజరును పట్టించుకోలేదు. కోడలితోనే అంది, "కుంకుమ పెట్టి పిలిచి, కడుపు మాడ్చి పంపితే మళ్లా ఎవురన్నా మన గడప తొక్కుతారా? రేపటి నుంచి నీ మిషను మీద కోళ్లు పండుకుంటాయి సూడు."

అందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఆమె బతుకంతా ఆ గడప దాటి వచ్చే ఆడవాళ్ల మీదే నడుస్తోంది.

విలేకరిగా చూస్తే నా పంట పండింది. శీర్షికకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. జీతం లేకుండా చాకిరీ చేయించుకున్నారు, చివరికి ఊర్లో తల దించుకునేలా చేశారు. ఇక రాయడమే మిగిలింది. నేను పుస్తకం తీశాను. పక్కనున్న మా విలేకరి తీయలేదు. ఫోను చెవికి ఆనించుకుని బయటికి నడిచాడు. ఏదైనా వార్త తగిలిందేమో అనుకున్నాను. ఆయన వెతుకుతున్నది వంటగది తాళంచెవి.

ఈలోగా టైలరమ్మ వేదిక ఎక్కింది. చీర కొంగు నడుముకు దోపుకుని, మైకు అందుకుంది. మైకులో మాట్లాడటం ఆమెకు అదే మొదటిసారి అయుండాలి. నోటికి మరీ దగ్గరగా పెట్టుకోవడంతో మొదటి మాట కీచుమంది. అందరూ అటు తిరిగారు.

"ఈడ పెండ్లి లేదు, పేరంటం లేదు," అంది. "పాట ఉండాది. నాకా పాట ఇష్టమని మిమ్మల్నందరినీ పిలిచినా. కుంకుమ పెట్టి పిలిచినా గానీ బువ్వ ఎవురు వండుతారో కనుక్కోలే. ఆ పిల్లోళ్లకు మన పద్ధతి తెలీదు. నాకు తెలుసు. నా తప్పే. ఇప్పుడు పోతామంటే పొండి, నేనేమీ అనుకోను."

ఎవరూ కదల్లేదు, ఎవరూ మాట్లాడలేదు. అలాంటి నిశ్శబ్దం నేను చాలా సభల్లో చూశాను. అది ఎటైనా తిరగొచ్చు. మూడో వరసలోంచి ఒకామె లేచింది. చూస్తే, చంక బిగిసిందని తగాదాకు వచ్చినామె. ఇక అయిపోయిందనుకున్నాను.

"నీ మీద నాకు కోపం పోలే," అంది గట్టిగా. "పోదు కూడా. అయినా కుంకుమ పెట్టించుకోని వచ్చిన దాన్ని, నీ మొగం అట్ల సూస్తా కూసోలేను. బియ్యం ఉండేవాళ్లు బియ్యం తెండి. నిమ్మకాయలుండేవాళ్లు నిమ్మకాయలు తెండి. నువ్వు ముందు దిగొచ్చి ఈ రైక చేతుల కుట్లు విప్పు. గంటె ఎత్తాలంటే నాకు చెయ్యి లేవదు."

హాలు హాలంతా నవ్వింది. ఆ నవ్వుతో అంతా తిరిగిపోయింది.

మిగిలింది ఎవరూ ప్రత్యేకంగా చేసినట్టు లేకుండా జరిగిపోయింది. మా విలేకరి తాళంచెవితో పాటు మండపం వంటాయనను కూడా పట్టుకొచ్చాడు. దగ్గరి వీధుల వాళ్లు ఇళ్లకు వెళ్లి బియ్యం తెచ్చారు. ఆ ఏడు వాన ముఖం చాటేసి వేరుశనగ సగానికి సగం పోయింది. చెట్టుకు నాలుగు కాయలు దొరికితే గొప్ప. అయినా ఆ సాయంత్రం వంటగది గట్టు మీద వేరుశనగ పప్పు కుప్ప పడింది. ఎవరెవరు ఎంతెంత తెచ్చారో ఎవరూ చూడలేదు. నిమ్మకాయ పిండి కలిపే చిత్రాన్నం అయితే తొందరగా అవుతుందని వంటాయన తేల్చాడు. పట్టుచీరల ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎగదోపి, ఉల్లిపాయల దగ్గర కూర్చున్నారు. టైలరమ్మ గోడ పక్కన నిలబడి, తగాదాకు వచ్చినామె చంక కింది కుట్లు పళ్లతో తెంపుతోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు.

గాయకుడు అప్పటిదాకా వెనక గదిలో ఉన్నాడు. సంగతి తెలిసి బయటికి వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు, పొడుగు జుట్టు, చెవికి పోగు. వజ్రకరూరు పక్క పల్లెవాడే. మేనేజరు వెలుతురు గురించి ఏదో చెప్పబోతే, "లైట్లు ఆపప్పా. ముందు బువ్వ" అన్నాడు. ఈ సంగతి వాళ్లమ్మకు తెలిస్తే తన చెవి మెలేస్తుందని మాతో అన్నాడు. పోయి ఉల్లిపాయల గుంపులో కూర్చున్నాడు. నువ్వు తరిగితే వీశెడు ఉల్లిపాయల్లో సగం పారబోయాల్సి వస్తుందని ఒకామె కత్తిపీట లాక్కుంది. అతనికి నిమ్మకాయలు పిండే పని ఇచ్చారు. ఉరుములు వాయించే అబ్బాయి వంటగది గుమ్మంలో నిలబడి కాసేపు వాయించాడు. చెవులు పడిపోతాండాయి, ఆపు నాయనా అన్నారు ఆడవాళ్లు. ఆపేశాడు. అంతటి ఖ్యాతి ఉన్న బ్యాండును అంత సులువుగా ఆపడం నేను అక్కడే చూశాను.

దీపాలు పెట్టే వేళకు విస్తళ్లు వేశారు. మేనేజరు నీళ్ల జగ్గు పట్టుకుని పంక్తుల మధ్య తిరిగాడు. మొదట మొహమాటంగా తిరిగాడు. తర్వాత ఎవరికి నీళ్లు అయిపోయాయో తనే చూసుకుంటూ తిరిగాడు. హిందూపురం ప్యాకెట్లు వచ్చాయి. పిల్లలకు పంచేశారు. నేను ఆ చిత్రాన్నం తిన్నాను. ఉప్పు కాస్త తక్కువైంది. అంత మంచి చిత్రాన్నం మళ్లీ తినలేదు.

ఆ తర్వాత పాట. వీడియో సంగతి వదిలేయండి. కడుపు నిండిన జనం సగం మంది గోడలకు ఆనుకుని కూర్చున్నారు, కొందరు పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. ఎగిరి గంతులేసే జనం కావాలనుకున్న వాళ్లకు అది పనికిరాలేదు. కానీ వజ్రకరూరు పాట ఎత్తుకున్నప్పుడు ఆ హాల్లో ఒక్కరు కూడా దగ్గలేదు. టైలరమ్మ భోజనశాల తలుపు దగ్గర, చేతిలో గంటెతోనే నిలబడి వింది. తల ఎత్తుకుని వింది. మొదటి నుంచి చివరి దాకా.

అయిపోయాక ఇంకో చిక్కు వచ్చింది. తెచ్చిన పళ్లేలు, చెంబులు ఎవరికి ఇవ్వాలి? తిన్నాక ఇవ్వకుండా తిరిగి తీసుకుపోవడం బాగుండదు. కాసేపు చర్చ జరిగింది. చివరికి మండపంలో ఒక మూలకు నెట్టి ఉన్న పెళ్లికుర్చీలను లాగి, బ్యాండువాళ్లను వాటిలో కూర్చోబెట్టారు. వరసగా వచ్చి నెత్తిన అక్షింతలు వేసి, స్టీలు సామాను చేతుల్లో పెట్టారు. రైక కుట్లు విప్పించుకున్నామె అందరికంటే ఎత్తుగా చెయ్యెత్తి అక్షింతలు వేసింది. బ్యాండు బెంగళూరుకు ఆ సామానంతా మోసుకుని, దారి పొడుగునా గలగలమంటూ వెళ్లి ఉంటుంది.

బయలుదేరే ముందు టైలరమ్మను అడగాల్సింది అడిగాను. ఇంత చాకిరీ చేయించుకున్నారు, నీకేమీ ఇవ్వలేదు, ఇది వెట్టి కాదా అని.

ఆమె చేతులు కడుక్కుంటూ ఆలోచించింది. "వెట్టి అంటే వద్దనేదానికి లేని పని గదక్కా. నేను వద్దంటే నన్నెవురేం చేస్తారు?" అంది. కొంగుతో చేతులు తుడుచుకుని, జగ్గులు సర్దుతున్న మేనేజరు వైపు చూసింది. "కానీ నేను వద్దనగలనని ఆ పిల్లోనికి తెలియాల."

తెలియజేసింది కూడా. అతన్ని పిలిచి నెమ్మదిగా చెప్పింది. పాటలు వినిపిస్తాను, అది నా ఇష్టం. కానీ ఇకమీదట మీ కచేరీకి నేను బొట్టు పెట్టి పిలవను. మనుషులు కావాలంటే పాడేవాళ్లే వచ్చి ఇంటింటికీ తిరిగి పిలవాలి, పిలిచినవాళ్లే పొయ్యి వెలిగించాలి. అతను సరేనక్కా అన్నాడు. మాట కోసం అన్నాడనుకున్నాను.

మరునాడు ఆఫీసులో జరిగిందంతా చెప్పాను. మా ఇన్‌ఛార్జి చివరిదాకా విని, "అయితే వెట్టి ఎక్కడ?" అన్నారు. కొంచెం ఉంది, కొంచెం లేదు అన్నాను. కొంచెం కొంచెం శీర్షికలో పట్టదన్నారు. పోస్టర్లు అంటించి పరీక్ష పోగొట్టుకునే కుర్రాళ్ల సంగతి, టైలరమ్మ మేనేజరుకు చెప్పిన మాట, చిత్రాన్నం, అన్నీ కలిపి రాసి ఇచ్చాను. అది లోపలి పేజీలో ఒక మూల "గోరంట్లలో పాటల సందడి" అనే పేరుతో వచ్చింది. మా పత్రికలో ఏం జరిగిందో తేల్చుకోలేకపోతే సందడి అని పెట్టేవాళ్లం. ఫొటోలో గాయకుడున్నాడు, నిమ్మకాయల బుట్ట ఉంది, టైలరమ్మది మాత్రం గంటె పట్టిన చెయ్యి వరకే పడింది.

ఆ మరుసటి ఏడు గోరంట్ల నుంచి మా విలేకరి పంపిన వార్త ఒకటి నా ముందుకు వచ్చింది. ఆ బ్యాండు మళ్లీ వస్తోందట. గాయకుడు రెండు రోజుల ముందే వచ్చి, కుంకుమ భరిణె మేనేజరు చేత మోయించుకుంటూ, టైలరమ్మ దారి చూపిస్తే ఇంటింటికీ తిరిగి పిలిచాడట. మగపిల్లవాడు బొట్టు పెడితే ఎట్లని కొందరు ముసలమ్మలు అభ్యంతరం చెబితే, భరిణె వాళ్ల చేతికే ఇచ్చి, మీరే పెట్టుకోండవ్వా, నేను పిలుస్తానన్నాడట. ఈసారి వంట ముందే మాట్లాడారట. ఆ వార్తలో నేను ఒక్క అక్షరం కూడా కత్తిరించలేదు. మా డెస్కు చరిత్రలో అది చిన్న విషయం కాదు.

పిల్లలూ, మీరు రేపు ఏ పత్రికలో చేరినా, ఏ చానల్లో చేరినా, మీ పేరు పక్కన కనబడని మనుషులు మీ పనిని మోస్తుంటారు. నాకు అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. కవరు మీద వక్కాకు మరక చేసిన కండక్టరు, వాన పడిందో లేదో ఫోను చేసి చెప్పే టీకొట్టాయన, ఊరి తిట్లన్నీ తిని మాకు ప్రకటనలు పంపిన విలేకరులు. వాళ్లు వద్దనగలిగి కూడా వద్దనలేదు. అది గోరంట్లలో చిత్రాన్నం తిన్న రోజున నాకు సరిగ్గా తెలిసింది. అందుకు ఆ టైలరమ్మకు నేను రుణపడి ఉన్నాను.

నా పదవీ విరమణకు ఆఫీసులో శాలువా, టీ, ప్రసంగాలు ఉంటాయని చెప్పారు. అవి ఉండనివ్వమని, దానికి ముందు నేను సెలవు పెట్టాను. కుంకుమ భరిణె ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కాను. పాత కండక్టరు కదిరిలో మనవరాలి దగ్గర ఉంటున్నాడని తెలిసి మొదట అక్కడికే వెళ్లాను. నల్లమాడలో టీకొట్టాయన దగ్గరికి వెళ్లాను. చివరికి గోరంట్లలో మా విలేకరి ఇంటికి వెళ్లాను. వాళ్లావిడకు బొట్టు పెట్టి, ఫలానా రోజు మీరంతా అనంతపురం రావాలని చెప్పాను. ఆవిడ కంగారుపడి, మేడం, పెండ్లెవురిది అని అడిగింది. పెళ్లి కాదు, నేను ఉద్యోగం దిగిపోతున్నానని చెప్పాను.

మా విలేకరి తలుపు దగ్గర నిలబడి అంతా చూస్తున్నాడు. ఇన్నేళ్లలో నేను ఆయన గడప తొక్కడం అదే మొదటిసారి. వార్త ధ్రువీకరించుకునేటప్పుడు పెట్టే మొహమే పెట్టి అడిగాడు:

"భోజనాలున్నాయా మేడం, లేకపోతే మేమే బియ్యం తెచ్చుకోవల్లనా?"